ఏ కోర్సుకు ఎంత? యూనివర్సిటీలో కోర్సులను సమీక్షించి నిధులు, పోస్టులు పంచే విధానం

బడ్జెట్ సమయం వచ్చిందంటే ప్రతి యూనివర్సిటీలో ఒక స్టేట్‌మెంట్ తయారవుతుంది. ఒక వరుసలో కోర్సు పేరు, పక్కన మంజూరైన సీట్లు, ఆ పక్కన చేరినవాళ్ల సంఖ్య. చివరి గడిలో 7, 9, 11 లాంటి అంకెలు కనబడగానే మీటింగ్‌లో ఎవరో ఒకరు "ఇవి మూసేద్దాం" అంటారు. ఆ ఒక్క గడి చూసి తీసుకునే నిర్ణయం చాలాసార్లు డబ్బు మిగల్చదు. పైగా మరో నాలుగు కోర్సుల విద్యార్థులకు పాఠాలు చెప్పే మనుషులను దూరం చేస్తుంది.

కొత్తగా సమీక్ష కమిటీలో పేరు పడిన ప్రొఫెసర్‌కి, లెక్కలు పంపమని సర్క్యులర్ అందుకున్న హెచ్‌ఓడీకి (డిపార్ట్‌మెంట్ అధిపతికి), ఆ లెక్కలన్నీ కూర్చే రిజిస్ట్రార్ ఆఫీసు ఉద్యోగికి పనికొచ్చేలా దీన్ని రాస్తున్నాను. పద్ధతి చాలావరకు అమెరికా, కెనడా యూనివర్సిటీల్లో రూపుదిద్దుకుంది. వాళ్లు ఎక్కడ దెబ్బతిన్నారో కూడా తెలుసు కాబట్టి మన రాష్ట్ర యూనివర్సిటీలకు ఏది సరిపోతుందో ఎంచుకోవచ్చు.

అడుగు 1: ఎందుకు చేస్తున్నారో ముందే కాగితం మీద పెట్టండి

సమీక్షకు కారణం రెండింట్లో ఒకటి అయి ఉంటుంది. లోటు పూడ్చాలి. లేదా లోటు లేకపోయినా, ఉన్నదాన్ని అవసరం ఎక్కువున్న చోటికి మళ్లించాలి. రెండింటికీ పద్ధతి వేరు, గడువు వేరు. లోటు పూడ్చడానికి మొదలుపెట్టి సర్క్యులర్‌లో మాత్రం "విద్యా నాణ్యత పెంపు" అని రాస్తే మొదటి మీటింగ్‌తోనే నమ్మకం పోతుంది. ఎంత మొత్తం, ఎన్నేళ్లలో, ఏ పద్దు కింద అన్నది అంకెతో సహా చెప్పేయండి.

లోటు ముంచుకొచ్చాక తొందరలో చేస్తే ఏమవుతుందో వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీలో చూశాం. 2023లో సుమారు 4.5 కోట్ల డాలర్ల లోటు ఉందని, ఆగస్టులో కోతల ప్రతిపాదనలు బయటపెట్టారు. సెప్టెంబర్ 15న బోర్డు ఓటు వేసి 28 మేజర్లు (డిగ్రీ కోర్సులు), 143 అధ్యాపక పోస్టులు తీసేసింది. గణితంలో పీహెచ్‌డీ పోయింది. ప్రపంచ భాషల విభాగాన్ని మొత్తంగా ఎత్తేయాలన్నది మొదటి ఆలోచన. విద్యార్థులు రోడ్డెక్కాక స్పానిష్, చైనీస్ బోధన కొంతవరకు మిగిలింది. అక్కడ విద్యార్థుల సంఖ్య ఏళ్ల తరబడి తగ్గుతూనే వచ్చింది. ఏటా కొంచెం కొంచెంగా సర్దుకుంటూ వచ్చి ఉంటే ఒక్క నెలలో అంత కోత పెట్టాల్సిన పని ఉండేది కాదని నా నమ్మకం. అందుకే లోటు లేని ఏడాదిలోనే సమీక్ష అలవాటు చేసుకోవాలి.

అడుగు 2: పంచడానికి చేతిలో నిజంగా ఏముందో లెక్కేయండి

రాష్ట్ర యూనివర్సిటీకి ప్రభుత్వం నుంచి వచ్చే బ్లాక్ గ్రాంట్‌లో సింహభాగం పర్మనెంట్ సిబ్బంది జీతాలకు, పెన్షన్లకు పోతుంది. కోర్సు మూసినా ఆ జీతం ఆగదు. కాబట్టి మొత్తం బడ్జెట్ పెట్టుకుని చర్చించడం దండగ.

నిజంగా అటూ ఇటూ జరపగలిగేవి కొన్నే. ఖాళీగా ఉన్న పోస్టులు (భర్తీకి అనుమతి వస్తే ఏ డిపార్ట్‌మెంట్‌కు ముందు ఇవ్వాలన్నది), గెస్ట్ ఫ్యాకల్టీ బడ్జెట్, ల్యాబ్ పరికరాలకు, కెమికల్స్‌కు ఇచ్చే డబ్బు, క్లాస్‌రూములు, హాస్టల్ సీట్లు, పీహెచ్‌డీ సీట్లు, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల ఫీజులో వాటాలు. వీటిలో ఖాళీ పోస్టే అన్నిటికన్నా విలువైనది. ఒకసారి నింపితే దాని ప్రభావం పాతిక, ముప్ఫై ఏళ్లు ఉంటుంది.

అమెరికాలో కొన్ని యూనివర్సిటీలు ఇంకో దారి పట్టాయి. ఒక్కో స్కూల్ (యూనివర్సిటీలోనే ఉండే కాలేజీ లాంటి విభాగం) తన ఫీజులు తానే ఉంచుకుని, తన జీతాలు, కరెంటు, భవనాల ఖర్చు తానే భరించాలి. పెన్సిల్వేనియా యూనివర్సిటీ 1970ల నుంచే ఇలా నడిపింది. దీనివల్ల ఖర్చు మీద శ్రద్ధ పెరిగిన మాట నిజమే. కానీ ఫీజు తమ దగ్గరే నిలవాలని ఇంజినీరింగ్ వాళ్లు సొంతంగా లెక్కలు, ఇంగ్లిష్ చెప్పుకోవడం మొదలుపెట్టే ప్రమాదం ఉంది. మన దగ్గర సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల్లో ఇదే ధోరణి ఇప్పటికే కనిపిస్తోంది.

అడుగు 3: కోర్సును కొలుస్తున్నారా, డిపార్ట్‌మెంట్‌నా?

చాలా సమీక్షలు ఇక్కడే తప్పుదోవ పడతాయి. కోర్సు అంటే విడిగా అడ్మిషన్ ఉండి, డిగ్రీ ఇచ్చేది: ఎం.ఎస్సీ. మ్యాథ్స్, ఎం.ఏ. హిస్టరీ. డిపార్ట్‌మెంట్ అంటే అధ్యాపకులు, ల్యాబులు, లైబ్రరీ ఉన్న విభాగం. పేపర్ అంటే ఒక సెమిస్టర్‌లో ఒక గదిలో జరిగే క్లాసు. ఒక డిపార్ట్‌మెంట్ తన కోర్సులో ఇరవై మందికి చదువు చెబుతూ, పక్క కోర్సుల్లో ఐదు వందల మందికి పేపర్లు చెబుతూ ఉండొచ్చు.

కాబట్టి మొదట యూనివర్సిటీలో ఉన్న కోర్సులన్నిటికీ ఒక జాబితా, డిపార్ట్‌మెంట్లకు ఒకటి, పేపర్లకు ఒకటి వేరువేరుగా తయారు చేయండి. పీజీ డిప్లొమాలు, సర్టిఫికెట్ కోర్సులు, కాగితం మీద ఉండి ఏళ్లుగా ఒక్క అడ్మిషన్ కూడా లేనివి, అన్నీ రాయండి. చివరి రకాన్ని చర్చ లేకుండా తీసేయొచ్చు. వాటివల్ల ఎవరికీ నష్టం లేదు, జాబితా శుభ్రపడుతుంది.

అడుగు 4: కమిటీ, దాని హద్దులు

ఎనిమిది నుంచి పన్నెండు మంది చాలు. సగానికి పైగా క్లాసులో పాఠం చెప్పేవాళ్లే ఉండాలి. సైన్స్, ఆర్ట్స్, కామర్స్, ఇంజినీరింగ్, న్యాయశాస్త్రం... అన్ని వైపుల నుంచీ ఒక్కొక్కరు. ఫైనాన్స్ ఆఫీసర్, అకడమిక్ సెక్షన్ నుంచి ఒకరు, వీలైతే వేరే యూనివర్సిటీ నుంచి రిటైరైన ప్రొఫెసర్ ఒకరు. తన డిపార్ట్‌మెంట్ చర్చకు వచ్చినప్పుడు ఆ సభ్యుడు బయటికి వెళ్లాలన్న నియమం మొదటి రోజే మినిట్స్‌లో రాయండి. కమిటీ సిఫారసు మాత్రమే చేస్తుంది, నిర్ణయం అకడమిక్ సెనేట్, పాలక మండలిదే అన్నది కూడా అక్కడే రాయండి.

ఇంకో నియమం కూడా ఉండాలి: భిన్నాభిప్రాయం చెప్పినవాళ్ల మీద చర్య ఉండకూడదు. కెనడాలోని సస్కాచువాన్ యూనివర్సిటీలో 2012లో పెద్ద ఎత్తున ఇలాంటి సమీక్షే మొదలైంది. అధ్యాపకులతో టాస్క్‌ఫోర్స్‌లు వేసి, కోర్సులన్నిటినీ ఐదు వర్గాలుగా విడగొట్టి, 2013 చివర్లో నివేదికలు ఇచ్చారు. 2014 మేలో అక్కడి పబ్లిక్ హెల్త్ స్కూల్ అధిపతి, డీన్ల నోళ్లు నొక్కుతున్నారని బహిరంగంగా లేఖ రాశారు. ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసి, సెక్యూరిటీతో క్యాంపస్ బయటికి పంపారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. మర్నాడే ఆయన్ని ప్రొఫెసర్‌గా వెనక్కి తీసుకున్నారు. కానీ అప్పటికే ఆలస్యమైంది. కొద్ది రోజుల్లోనే ప్రొవోస్ట్ (విద్యా వ్యవహారాలు చూసే ఉన్నతాధికారి) రాజీనామా చేశారు, యూనివర్సిటీ అధ్యక్షురాలిని తొలగించారు. నెలల తరబడి చేసిన పని విలువ అంతా ఆ ఒక్క వారంలో పోయింది.

అడుగు 5: లెక్కలు చూడకముందే ప్రమాణాలు, మార్కులు ఖరారు చేయండి

క్రమం ముఖ్యం. అంకెలు చూశాక ప్రమాణాలు పెడితే, ఎవరికి ఏది అనుకూలమో దాని కోసమే వాదిస్తారు.

అమెరికాలో నార్తర్న్ కొలరాడో యూనివర్సిటీకి అధ్యక్షుడిగా పనిచేసిన రాబర్ట్ డికిసన్ 1999లో పది ప్రమాణాలు ప్రతిపాదించారు. ఆ తర్వాత చాలా యూనివర్సిటీలు వాటినే కొద్ది మార్పులతో వాడుకున్నాయి. అవి ఇవి: కోర్సు చరిత్ర, దాని మీద పెట్టుకున్న ఆశలు; బయటి డిమాండ్ (చేరడానికి ఎంతమంది వస్తున్నారు); లోపలి డిమాండ్ (యూనివర్సిటీలోని మిగతా కోర్సులకు ఎంత కావాలి); అధ్యాపకులు, విద్యార్థులు, బోధన తీరు; ఫలితాల నాణ్యత; పరిమాణం, ఉత్పాదకత; తెచ్చే ఆదాయం; అయ్యే ఖర్చు; యూనివర్సిటీ లక్ష్యానికి అది ఎంత అవసరం; ముందున్న అవకాశాలు.

పదీ విడివిడిగా పెడితే మన దగ్గర డేటా దొరకదు. నేనైతే ఐదుకు కుదిస్తాను: లోపలి డిమాండ్‌కు 25, బయటి డిమాండ్‌కు 20, ఫలితాలకు, నాణ్యతకు 25, నికర ఖర్చుకు 15, అవసరానికి 15. లోపలి డిమాండ్‌కు అంత బరువు ఎందుకో తర్వాతి అడుగులో తెలుస్తుంది. మీ యూనివర్సిటీకి ఈ మార్కులు వేరుగా ఉండొచ్చు. అయితే సెనేట్‌లో పెట్టి ఆమోదం తీసుకున్నాకే డేటా అడగండి.

నాక్ (విద్యాసంస్థల నాణ్యతను కొలిచే సంస్థ) ఇచ్చే గ్రేడ్‌నో, ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కేంద్రం ఇచ్చే ర్యాంకింగ్) ర్యాంక్‌నో ఇక్కడ పెట్టుకోవద్దు. అవి మొత్తం సంస్థను కొలుస్తాయి. నాక్ ప్రమాణాల్లో ఎక్కడా ఎం.ఏ. ఎకనామిక్స్‌కు, ఎం.ఎస్సీ. బోటనీకి తేడా తెలియదు. ఇంజినీరింగ్ లాంటి కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ మాత్రం ఒక్కో ఇంజినీరింగ్ బ్రాంచిని విడిగా చూస్తుంది కాబట్టి ఆ నివేదిక ఉంటే తీసుకోండి. నాక్ కోసం ఐక్యూఏసీ (యూనివర్సిటీలో నాణ్యత చూసే సెల్) దగ్గర పోగైన డిపార్ట్‌మెంట్ వారీ పట్టికలు కూడా దుమ్ము దులిపి వాడుకోవచ్చు, మళ్లీ అందర్నీ అడిగే పని తప్పుతుంది.

బయటి డిమాండ్ ఒక్కటే చూస్తే ఏమవుతుందో ఇంజినీరింగ్ కాలేజీల్లో కళ్లారా చూస్తున్నాం. 2024–25 నుంచి ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ) బ్రాంచి వారీ గరిష్ఠ సీట్ల పరిమితిని ఎత్తేసింది. కంప్యూటర్ సైన్స్ సీట్లు పెంచుకోవడానికి సివిల్, మెకానికల్ సీట్లు వదులుకున్న కాలేజీలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. రోడ్లు, ప్రాజెక్టులు, పంపుసెట్లు, ఫ్యాక్టరీలు ఉన్నంతకాలం ఆ ఇంజినీర్లు కావాలి. ప్రైవేటు కాలేజీ మార్కెట్ వెంట పోతుంది, దాన్ని తప్పుపట్టలేం. ప్రభుత్వ యూనివర్సిటీ ఉన్నది ఆ ఖాళీని చూసుకోవడానికే.

అడుగు 6: విద్యార్థులను కాదు, విద్యార్థి-క్రెడిట్లను లెక్కపెట్టండి

మొత్తం సమీక్షలో ఎక్కువ ఫలితం ఇచ్చే పని ఇదే. ఒక పేపర్‌లో ఎంతమంది విద్యార్థులు ఉన్నారు, దానికెన్ని క్రెడిట్లు (వారానికి ఎన్ని గంటల బోధన అన్నదాన్ని బట్టి పేపర్‌కు ఇచ్చే అంకె), రెండూ గుణిస్తే విద్యార్థి-క్రెడిట్లు వస్తాయి. ఒక డిపార్ట్‌మెంట్ అధ్యాపకులు ఎక్కడ చెప్పినా, ఎవరికి చెప్పినా అన్నీ కలపాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు ఊహించి పెట్టినవే, కానీ ఇలాంటి డిపార్ట్‌మెంట్ మీ క్యాంపస్‌లోనూ ఉంటుంది. మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్. ఎం.ఎస్సీ. మొదటి ఏడాదిలో 11 మంది, రెండో ఏడాదిలో 9 మంది, మొత్తం 20. ఒక్కొక్కరు ఏడాదికి 40 క్రెడిట్లు చదువుతారు. అంటే 800 విద్యార్థి-క్రెడిట్లు. ఇదే డిపార్ట్‌మెంట్ క్యాంపస్ ఇంజినీరింగ్ కాలేజీలో మొదటి ఏడాది బీటెక్ వాళ్లు 420 మందికి ఏడాదికి 6 క్రెడిట్ల లెక్కలు చెబుతుంది: 2,520. ఎకనామిక్స్, ఎంబీఏ విద్యార్థులు 90 మందికి స్టాటిస్టిక్స్, ఏడాదికి 8 క్రెడిట్లు: 720. మొత్తం 4,040. ఇందులో ఎం.ఎస్సీ. వాటా 800, అంటే ఐదో వంతు. అడ్మిషన్ల స్టేట్‌మెంట్‌లో కనబడింది ఆ ఐదో వంతే. మిగతా నాలుగు వంతులు ఇంజినీరింగ్ కాలేజీ పేరు మీదో, ఎంబీఏ పేరు మీదో వెళ్లిపోయాయి.

ఈ లెక్క తీయడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. పరీక్షల విభాగం దగ్గర పేపర్ వారీ నామినల్ రోల్స్ (విద్యార్థుల పేర్ల జాబితాలు) ఉంటాయి. హెచ్‌ఓడీ గదిలో గోడకు అంటించిన టైమ్ టేబుల్ ఉంటుంది. ఆ టైమ్ టేబుల్‌ను ఫొటో తీసుకోండి. ఫైల్‌లో పంపే వర్క్‌లోడ్ స్టేట్‌మెంట్‌లో ఉన్న పేరుకి, గోడ మీద ఉన్న పేరుకి తేడా ఉంటే గోడనే నమ్మండి, ఎందుకంటే విద్యార్థులు దాన్ని చూసే క్లాసుకు వస్తారు. ఎవరు చెబుతున్నారో (పర్మనెంటా, కాంట్రాక్టా, గెస్టా, రీసెర్చ్ స్కాలరా) పక్కనే రాసుకోండి. ఒక ఏడాది అంకెలు చాలవు, కనీసం మూడు, వీలైతే ఐదేళ్లవి తీయండి. కోవిడ్ ఏడాదులుంటే విడిగా గుర్తుపెట్టండి. పీజీసెట్, సీపీగెట్ కౌన్సెలింగ్ ఆలస్యమైన ఏడాది చేరికలు పడిపోతాయి, అది కోర్సు తప్పు కాదు.

ఎంతమంది చేరారన్న దానితో పాటు ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎంతమంది మధ్యలో మానేశారు అన్నవి కూడా చూడండి. ముప్ఫై మంది చేరి పదిహేను మందే మిగిలే కోర్సు కన్నా, పద్దెనిమిది మంది చేరి పదిహేడు మంది పూర్తిచేసే కోర్సు మంచి స్థితిలో ఉన్నట్టు.

అడుగు 7: సగటు ఖర్చు చెప్పే అబద్ధం, మిగిలే డబ్బు చెప్పే నిజం

అదే మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్. పర్మనెంట్ అధ్యాపకులు నలుగురు: ఒక ప్రొఫెసర్, ఒక అసోసియేట్, ఇద్దరు అసిస్టెంట్ ప్రొఫెసర్లు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్, అసోసియేట్ ప్రొఫెసర్ వారానికి 14 గంటలు, అసిస్టెంట్ ప్రొఫెసర్ 16 గంటలు నేరుగా పాఠం చెప్పాలి. అంటే నలుగురికి కలిపి 60 గంటలు. కావాల్సినవి: ఎం.ఎస్సీ.కి 40 గంటలు (సెమిస్టర్‌కు ఐదు పేపర్ల చొప్పున రెండు ఏడాదుల విద్యార్థులకు పది పేపర్లు, ఒక్కోటి 4 గంటలు), బీటెక్ ఏడు సెక్షన్లకు 28, స్టాటిస్టిక్స్ రెండు సెక్షన్లకు 8. మొత్తం 76. తక్కువ పడిన 16 గంటలు గెస్ట్ ఫ్యాకల్టీ చెబుతారు.

నలుగురి జీతాలు ఏడాదికి 80 లక్షలు అనుకుందాం. గెస్ట్ ఫ్యాకల్టీకి గంటకు వెయ్యి రూపాయలు, 30 వారాలకు 4.8 లక్షలు. మొత్తం 84.8 లక్షలు.

ఇప్పుడు ఒకరు ఈ మొత్తాన్ని 20 మంది ఎం.ఎస్సీ. విద్యార్థులతో భాగిస్తారు. తలకు 4.24 లక్షలు. ఈ అంకే వార్తాపత్రికలో హెడ్డింగ్ అవుతుంది. ఇంకొకరు గంటల వాటా తీస్తారు: 76లో 40 గంటలే ఎం.ఎస్సీ.వి కాబట్టి ఆ ఖర్చు సుమారు 44.6 లక్షలు, తలకు 2.23 లక్షలు. ఇది మెరుగే, కానీ మనం అడగాల్సిన ప్రశ్నకు జవాబు ఇదీ కాదు. అడగాల్సింది: కోర్సు మూస్తే ఎంత మిగులుతుంది?

మూస్తే 40 గంటలు తగ్గి 36 మిగులుతాయి. పర్మనెంట్ వాళ్లు నలుగురూ ఉంటారు, వాళ్ల జీతమూ ఉంటుంది. గెస్ట్ ఫ్యాకల్టీ 4.8 లక్షలు మాత్రమే ఆగుతుంది. 20 మంది ఏడాదికి 25 వేల చొప్పున కట్టే 5 లక్షల ఫీజు పోతుంది. అంటే మూసినందుకు యూనివర్సిటీకి ఏడాదికి 20 వేలు నష్టం. అర్హులైన నలుగురు అధ్యాపకులకు వారానికి 24 గంటలు పని లేకుండా పోతుంది. ఎం.ఎస్సీ. లేని చోటికి మంచి మ్యాథ్స్ ప్రొఫెసర్ రావడానికి ఇష్టపడరు, పీహెచ్‌డీ విద్యార్థులు రారు, నాలుగేళ్లకు బీటెక్ క్లాసులకూ గెస్ట్ ఫ్యాకల్టీయే దిక్కవుతారు.

మూయకుండానే ఏదైనా చేయొచ్చా? పది పేపర్లలో నాలుగు ఎలెక్టివ్‌లు (విద్యార్థి ఎంచుకునే పేపర్లు) ఉంటే, వాటిని రెండు ఏడాదుల విద్యార్థులూ కలిసి కూర్చునేలా ఏడాది విడిచి ఏడాది నడపొచ్చు. రెండు పేపర్లు, 8 గంటలు తగ్గుతాయి. గెస్ట్ ఖర్చులో 2.4 లక్షలు మిగులుతాయి, ఫీజు ఒక్క రూపాయి తగ్గదు, క్లాసులో తొమ్మిది మంది బదులు ఇరవై మంది ఉంటారు. మూత కన్నా ఇది లాభం. సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఒక్క తీర్మానంతో అయ్యే పని.

అలాగని ఏ కోర్సునూ మూయకూడదని కాదు. ఆ 24 గంటలు వేరే చోట గట్టిగా అవసరమై ఉంటే (కొత్తగా పెట్టిన డేటా సైన్స్ కోర్సుకు లెక్కలు చెప్పేవాళ్లు లేకపోతే) లెక్క మారిపోతుంది. పూర్తిగా గెస్ట్ ఫ్యాకల్టీతోనే నడుస్తూ, ల్యాబ్ ఖర్చు భారీగా ఉండి, వేరే కోర్సులకు ఏ పేపరూ చెప్పని డిపార్ట్‌మెంట్ అయితే మూసినప్పుడు నిజంగానే డబ్బు మిగులుతుంది. లెక్క వేస్తేనే ఏది ఏదో తెలుస్తుంది.

ఇంకో జాగ్రత్త: కెమిస్ట్రీ ఖర్చును హిస్టరీ ఖర్చుతో పోల్చకండి. ల్యాబ్, గ్యాస్, కెమికల్స్, చిన్న బ్యాచ్‌లు ఉన్నచోట ఖర్చు ఎక్కువే ఉంటుంది. డెలావేర్ యూనివర్సిటీ 1990ల నుంచి అమెరికా యూనివర్సిటీల ఖర్చులను సబ్జెక్టు వారీగా సేకరించి, కెమిస్ట్రీని కెమిస్ట్రీతోనే పోల్చుకునే వీలు కల్పించింది. ఖర్చులో తేడాలు ఎక్కువగా సబ్జెక్టుల వల్లే వస్తాయని ఆ డేటాలో తేలింది. మన రాష్ట్రాల్లో కూడా తిరుపతి, విశాఖ, హైదరాబాద్, వరంగల్, అనంతపురం యూనివర్సిటీల ఒకే డిపార్ట్‌మెంట్ల లెక్కలు పక్కపక్కన పెట్టుకోవచ్చు. హెచ్‌ఓడీలు ఒకరికొకరు ఎలాగూ తెలిసినవాళ్లే, ఫోన్ చేసి అడిగితే ఇస్తారు.

అడుగు 8: నాణ్యత, అవసరం

ప్లేస్‌మెంట్ శాతం ఒక్కటే అడిగితే ఎం.ఏ., ఎం.ఎస్సీ. కోర్సులకు అన్యాయం జరుగుతుంది. అక్కడి విద్యార్థులు క్యాంపస్ ఇంటర్వ్యూల కోసం చేరరు. నెట్, సెట్, జేఆర్‌ఎఫ్, జూనియర్ లెక్చరర్, డీఎస్సీ, గ్రూప్స్ ఫలితాల్లో ఎంతమంది ఉన్నారో అడగండి, చదువు పూర్తయిన రెండు మూడేళ్ల తర్వాతి లెక్క తీసుకోండి. పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపు ఉన్న డిపార్ట్‌మెంట్‌కు ఇది ఒక వారం పని. ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాటి చదువుతున్నవాళ్లు, అమ్మాయిలు, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు ఏ కోర్సుల్లో ఎక్కువగా ఉన్నారో కూడా రాయండి. తక్కువ ఫీజున్న ఎం.ఏ. మూస్తే నష్టం సమానంగా పంచుకోబడదు, వీళ్ల మీదే పడుతుంది.

అవసరం అన్న ప్రమాణానికి మార్కులు వేయడం కష్టం. ఇక్కడ కమిటీ తన విచక్షణ వాడాల్సిందే. నేను అడిగే ప్రశ్న ఒకటే: మనం ఆపేస్తే ఈ చదువు మన ప్రాంతంలో ఇంకెక్కడ దొరుకుతుంది? ఎంబీఏకి జవాబు వెంటనే వస్తుంది, పది కాలేజీల పేర్లు చెబుతారు. శాసనాలు చదవడం నేర్పే పేపర్‌కి, గిరిజన భాషల మీద పరిశోధనకి, సంస్కృతానికి, ఉర్దూకి జవాబు అంత సులువుగా దొరకదు. విస్కాన్సిన్-మాడిసన్ యూనివర్సిటీలో వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాల పాటు తెలుగు బోధించారు. అడ్మిషన్ల సంఖ్యే కొలమానమైతే అంత దూరంలో తెలుగు క్లాసు ఏ ఏడాదైనా ఆగిపోవచ్చు. అది నడవడం మన సాహిత్యం ఇంగ్లిష్ పాఠకులకు చేరడానికి తోడ్పడింది. అమెరికాలో తెలుగు ఉండాలని కోరుకునే మనం, ఇక్కడ పక్క భాషకు అదే అన్యాయం చేయకూడదు.

విదేశీ విద్యార్థుల ఫీజుల మీద ఆధారపడే కోర్సుల్లో రిస్క్ కూడా రాయాలి. 2023–24లో అమెరికాలో 3.31 లక్షల మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. వాళ్లలో మన పిల్లలు ఎంతమందో ప్రతి ఊరికీ తెలుసు. కొన్ని అమెరికా యూనివర్సిటీల్లో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ ఫీజులే మిగతా విభాగాలను మోస్తున్నాయి. వీసా నిబంధన ఒకటి మారితే ఆ ఆదాయం ఒక్క ఏడాదిలో పడిపోతుంది. ఆదాయం ఎంత అన్నదానితో పాటు అది ఎంత నిలకడగా వస్తుంది అన్నది కూడా మార్కుల్లో కలపాలి.

అడుగు 9: డిపార్ట్‌మెంట్‌కు అంకెలు చూపించి, మాట వినండి

కమిటీ తయారు చేసిన షీట్‌ను మార్కులు వేయకముందే హెచ్‌ఓడీకి పంపండి. సరిదిద్దడానికి మూడు వారాలు ఇవ్వండి. తప్పులు తప్పకుండా బయటపడతాయి: డిప్యుటేషన్ మీద వెళ్లిన అధ్యాపకుడు ఇక్కడ లెక్కలో ఉంటాడు, రెండు డిపార్ట్‌మెంట్లు కలిసి చెప్పే పేపర్ ఒక్కరి ఖాతాలోనే పడుతుంది. ఆ తర్వాత రెండు పేజీలకు మించకుండా ఒక నోట్ అడగండి. అందులో మూడు విషయాలే ఉండాలి: అంకెల్లో కనబడని పని ఏం చేస్తున్నారు, రెండేళ్లలో ఏం మారుస్తారు, అదనంగా ఒక పోస్టు వస్తే దాంతో ఏం చేస్తారు. యాభై పేజీల నివేదిక అడిగితే ఐక్యూఏసీ ఫైల్ కాపీ కొట్టి పంపుతారు, ఎవరికీ ఉపయోగం లేదు.

విద్యార్థులతో మాట్లాడేటప్పుడు అధ్యాపకులు ఆ గదిలో ఉండకూడదు.

అడుగు 10: మార్కులు, తర్వాత నిర్ణయం

ప్రతి సభ్యుడూ విడిగా మార్కులు వేయాలి, తర్వాతే చర్చ. ఇద్దరి మార్కుల్లో పెద్ద తేడా వచ్చిన కోర్సుల మీదే సమయం పెట్టండి, మిగతావి త్వరగా తేలిపోతాయి. డికిసన్ పద్ధతిలో కోర్సులను ఐదు సమాన వాటాలు చేసి చివరి వాటాను కోతకు పెడతారు. ఇది నాకు నచ్చదు. ప్రతి యూనివర్సిటీలోనూ కచ్చితంగా ఇరవై శాతం కోర్సులు బలహీనంగా ఉంటాయని ముందే అనుకోవడం ఎలా కుదురుతుంది? అందుకని వాటాలు పెట్టకుండా, ఒక్కో కోర్సుకు ఏం చేయాలో రాయండి.

పెంచడం: ఖాళీ పోస్టు, ల్యాబ్ డబ్బు ఇవ్వాలి. ఉన్నట్టే ఉంచడం. మార్చడం: ఎలెక్టివ్‌లు కలపడం, సీట్లు 40 నుంచి 20కి తగ్గించడం, సిలబస్ మార్చడం, ఏడాది విడిచి ఏడాది అడ్మిషన్. కలపడం: దగ్గర సబ్జెక్టులున్న మూడు చిన్న ఎం.ఎస్సీ.లను మొదటి ఏడాది ఉమ్మడిగా, రెండో ఏడాది స్పెషలైజేషన్‌గా నడపడం. పంచుకోవడం: పక్క యూనివర్సిటీతో కలిసి పేపర్లు చెప్పడం. ఇప్పుడు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (వేరువేరు సంస్థల్లో సంపాదించిన క్రెడిట్లను విద్యార్థి ఒకే ఖాతాలో దాచుకునే ఏర్పాటు) ఉంది కాబట్టి ఇది మునుపటి కన్నా సులువు. చివరిది మూయడం. నా అంచనాలో చిన్న కోర్సుల్లో ఎక్కువభాగం "మార్చడం", "కలపడం" దగ్గరే ఆగుతాయి.

మిగిలిన డబ్బు, పోస్టు ఎక్కడికి పోతున్నాయో అదే తీర్మానంలో రాయండి. ఒకచోట తీసి ఇంకొకచోట ఇచ్చినట్టు కనబడకపోతే, అది సమీక్ష పేరుతో చేసిన కోత అని అందరూ అనుకుంటారు. అలా అనుకోవడంలో తప్పూ లేదు.

అడుగు 11: మూయాల్సి వస్తే

అడ్మిషన్ నోటిఫికేషన్‌కు ముందే ప్రకటించాలి. ఫీజు కట్టించుకున్నాక ఆపకూడదు. ఇప్పటికే చేరినవాళ్లు డిగ్రీ పూర్తిచేసేదాకా అన్ని పేపర్లూ నడవాలి, బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్లకు యూనివర్సిటీ నిబంధనల్లో ఉన్న గరిష్ఠ గడువు దాకా పరీక్షలు పెట్టాలి. పీహెచ్‌డీ స్కాలర్లకు గైడ్ ఎవరన్నది పేరుపేరునా రాయాలి. బోర్డ్ ఆఫ్ స్టడీస్, సెనేట్, పాలక మండలి తీర్మానాలు వరుసగా ఉండాలి. ఒక్కటి తప్పినా హైకోర్టులో నిలవకపోవచ్చు. కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకులకు కనీసం ఒక సెమిస్టర్ ముందే చెప్పండి. పదేళ్లు పాఠం చెప్పిన మనిషి తన ఉద్యోగం పోయిందని నోటీసు బోర్డులో చదివి తెలుసుకునే పరిస్థితి రాకూడదు.

లైబ్రరీ పుస్తకాలు, హెర్బేరియం (ఎండబెట్టి దాచిన మొక్కల నమూనాలు), రాళ్ల నమూనాలు, తాళపత్రాలు లాంటివి ఉంటే వాటి బాధ్యత ఎవరిదో కూడా ఆ ఉత్తర్వులోనే రాయాలి. ఎవరికీ అప్పగించకపోతే రెండు వర్షాకాలాల్లో పాడైపోతాయి.

అడుగు 12: రెండేళ్లకు, ఐదేళ్లకు

రెండేళ్ల తర్వాత అదే షీట్ మళ్లీ తీయండి. చూడాల్సినవి నాలుగు: మిగులుతుందన్న డబ్బు మిగిలిందా; పోస్టు ఇచ్చిన చోట అడ్మిషన్లు, ఫలితాలు మారాయా; "మార్చడం" కింద రాసిన డిపార్ట్‌మెంట్ చెప్పిన పని చేసిందా; మూసిన కోర్సు అధ్యాపకులు ఇప్పుడు వారానికి ఎన్ని గంటలు చెబుతున్నారు. మొత్తం సమీక్ష ఐదేళ్లకోసారి చాలు. ఏటా చేస్తే అందరూ పాఠాలు వదిలి పట్టికలు నింపడంలో మునిగిపోతారు. మధ్య ఏడాదుల్లో విద్యార్థి-క్రెడిట్ల లెక్క ఒక్కటే, జూన్‌లో, డిపార్ట్‌మెంట్‌కు ఒక పేజీ చొప్పున తీసి యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో పెట్టండి. పక్క డిపార్ట్‌మెంట్ ఎవరికి ఏం చెబుతోందో అందరికీ కనబడితే, తర్వాతి సమీక్షలో సగం వాదనలు మొదలవ్వకుండానే తేలిపోతాయి.